లోపలా? బయటా?

నిరుపమ డైనింగ్ టేబుల్ మీద కాలిన అగ్గిపుల్లలు కుప్పగా పోసింది.

"ఇవి గరాజ్ వెనక కరివేపాకు కుండీలో దొరికాయి. చెప్పండి!"

రవిచంద్ర అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. ఒక బూటు కాలికుంది, రెండోది చేతిలో ఉంది. అగ్గిపుల్లల్ని చూశాడు, భార్య మొహం చూశాడు, అర్థమైపోయింది. పాపం, అతను సిగరెట్టు మానేసి ఏడాది దాటింది. ఈసారి నిజంగానే మానేశాడు. అంతకుముందు చాలాసార్లు అబద్ధంగా మానేశాడు గనక ఈ నిజాన్ని నమ్మే దిక్కు లేకుండా పోయింది.

"సింహాచలం అప్పన్న మీద ఒట్టు నిరూ, నేను కాదు."

"మరెవరు? పక్కింటి కివీ తాతగారు కంచె దూకి వచ్చి మన కుండీలో కాల్చుకుని వెళ్లాడా? వారం నుంచి బట్టలారేసే చోటంతా ఒకటే కంపు. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతుకుతున్నాను. అమ్మ పొద్దునా సాయంత్రం పాపం వెళ్లి నీళ్లు పోసే కుండీ అది! మా ఇంటావంటా లేదీ అలవాటు. మా అమ్మైతే అగరొత్తి పొగకే దగ్గుతుంది."

సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అప్పలనరసమ్మ, అవునన్నట్టు దగ్గింది. ఆవిడ నిరుపమ తల్లి. శ్రీకాకుళం నుంచి ఈ కివీల దేశానికి, మౌంట్ రాస్కిల్‌లో కూతురింటికి వచ్చి నెల కూడా కాలేదు.

"అందుకని శనివారం టోక్యో ప్రయాణం క్యాన్సిల్. అమ్మా నేనూ హాయిగా రొటొరువా వేడినీటి బుగ్గలకి పోతాం. మీరిక్కడే కూర్చుని ఊదుకోండి."

రవిచంద్ర గుండె గుభేలుమంది. క్రితం ఏడాది ఆఫీసు పనిమీద టోక్యో వెళ్లొచ్చినప్పటి నుంచి, నిరుపమకి ఆ ఊరు చూపించాలని ఒకటే తపన. మేనేజర్ కాళ్లావేళ్లా పడి సెలవు సంపాదించాడు. అత్తగారితో సహా ముగ్గురికీ టిక్కెట్లు కొన్నాడు. సరిగ్గా ఇప్పుడా ఈ అగ్గిపుల్లలు?

"ఏటి బాబూ, ఆ జపాన్లో పొగ తాగనిస్తారేటి?" అంది అప్పలనరసమ్మ సోఫాలోంచి.

రవిచంద్రకి ప్రాణం లేచొచ్చింది. అడిగితే ఇలాంటి ప్రశ్నే అడగాలి! అత్తగారు కాదు, దేవత.

"అబ్బే, ఎక్కడండీ! చాలా వీధుల్లో వెలిగిస్తే చాలు, జరిమానా. మహా స్ట్రిక్టు. నేను తాగుదామన్నా అక్కడ కుదరదు. విన్నావా నిరూ?"

"అయ్యో రామ! మరి అలవాటున్నోళ్లు ఏటైపోతారు బాబూ?"

"స్టేషన్ల దగ్గర అద్దాల గదులు కట్టార్లెండి. అందులో దూరి తాగాలి."

"ఓహో, అద్దాల గదులు," అంది నిరుపమ చేతులు కట్టుకుని.

"నేను వెళ్లలేదే! బయట్నుంచి చూశానంతే."

"మరి రాత్రిళ్లు దీపాలెట్టి సందుల్లో కొట్లుంటాయని టీవీలో సూపించాడు. అక్కడో?"

"అవి బార్లండీ. ఇప్పుడు చాలావాటిల్లో పొగ బంద్. షింజుకు అనే పేటలో మాత్రం గూళ్లలాంటి చిన్న చిన్న బార్లుంటాయి. వాటిలో కొన్నిట్లో తాగనిస్తారు. తలుపు మీద సిగరెట్టు బొమ్మ ఉంటుంది. అది చూసుకుని లోపలికెళ్తే ఇక నిశ్చింతగా..."

నాలుక కరుచుకున్నాడు.

"ఆఁ, నిశ్చింతగా?" అంది నిరుపమ. "ఆగిపోయారేం? చెప్పండి, వింటున్నాం."

"నిశ్చింతగా... దగ్గుకోవచ్చు."

అప్పలనరసమ్మ మాత్రం వదల్లేదు. "నాకు బోధపడ్డం లేదు బాబూ. ఈ ఊళ్లో బార్లోంచి బయటికొచ్చి కదా కాలుస్తున్నారు, నాను రోజూ సూస్తన్నాను."

"ఇక్కడ బయటికొచ్చి తాగాలండీ, అక్కడ లోపలికెళ్లి తాగాలి. అంతా తిరగేసి ఉంటుంది. మా కొలీగ్ ఒకడు పాపం బార్లోంచి మర్యాదగా వీధిలోకొచ్చి వెలిగించాడు. ఓ పెద్దమనిషి చేతులు అడ్డంగా ఊపుతూ పరిగెత్తుకొచ్చి, వీణ్ణి మళ్లీ లోపలికే తోశాడు!"

చెబుతూ తనే పకపకా నవ్వాడు. అప్పలనరసమ్మ నవ్వింది. నిరుపమ నవ్వలేదు. ఫోన్ తీసింది.

"బొమ్మలు, గూళ్లు, అద్దాల గదులు... ఇంత శాస్త్రం చదువుకున్నవాడు తాగకుండా ఉంటాడా? క్యాన్సిల్ చేస్తున్నాను."

"నిరూ! వద్దు నిరూ! అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, ఇంకేం అడక్కండి!" రవిచంద్ర చేతిలో బూటుతోనే దణ్ణం పెట్టేశాడు.

"ఒక్కటే బాబూ. ఇదొక్కటీ సెప్పీయండి. వీధిలో అసలు ఎందుకొద్దంటారు?"

ఇక మునిగాక చలేమిటని చెప్పేశాడు. "కిక్కిరిసిన వీధులండీ. సిగరెట్టు పట్టుకుని చెయ్యి కిందికి జారేస్తే, ఆ నిప్పు సరిగ్గా చిన్నపిల్లల మొహాల దగ్గరికొస్తుంది. ఎవరికైనా చురుక్కుమంటుందని భయం."

"అంతేనా? నిప్పు గురించేనా?"

"అంతేనండీ."

అప్పలనరసమ్మ గుండెల మీంచి బండ దిగినట్టు ఊపిరి వదిలింది. చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. లేచి వచ్చి, నిరుపమ చేతిలోని ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేత్తో బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డ మూట తీసి, కాలిన అగ్గిపుల్లల పక్కనే విప్పింది.

"టిక్కెట్లు ఉంచీ అమ్మీ. ఆ పిల్లలకి నా వల్ల ఏటీ భయం లేదు. నాను చుట్ట తిరగేసి, నిప్పు నోటి లోపలెట్టుకునే కదా కాలుస్తాను!"