వయసు గడి

“పేరు రాయక్కర్లేదండి. వయసు గడిలో ఒక టిక్కు, మత్తు వాడకపోతే ‘కాదు’ మీద, వాడితే ఆ రకం పక్కన ‘అవును’ మీద ఒక టిక్కు. అంతే!” అంది సర్వేకి వచ్చిన రమ్యశ్రీ, కాగితాలు పంచుతూ.

ఆదివారం ఆరాధన అయిపోయినా మామిడికుదురు దగ్గరి ఆ చిన్న చర్చిలోంచి ఎవరూ కదల్లేదు. దేశంలో ఏ వయసువాళ్లు మత్తుకు ఎంత అలవాటు పడ్డారో తేల్చే సర్వే అట.

“అరవై దాటినోళ్లం కూడానా అమ్మా? ఈ వయసులో మేం గంజాయి పీలుస్తామంటావా?” అన్నారు సంఘపెద్ద సాలమోను మాస్టారు. అందరూ గొల్లున నవ్వారు.

“గంజాయొక్కటే కాదండి. డాక్టరు రాయకుండా వాడే నొప్పి బిళ్లలూ లెక్కలోకే వస్తాయండి.”

ఆ మాటకి మాస్టారి కోడలు కరుణ గుండె గుభేలుమంది. నిన్ననే స్కూటరు డిక్కీలో మూడు ఖాళీ అట్టలు దొరికాయి. ఆపరేషన్లయినవాళ్లకిచ్చే బిళ్లలవి. ఇంజనీరింగు చదివే కొడుకు అభిలాష్‌ని నిలదీస్తే “నావి కాదమ్మా” అన్నాడు. మరెవరివంటే నోరు విప్పలేదు. వాడి వెనక కూర్చుని సంఘం పనులకు తిరిగే మామగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

“మామయ్యగారూ, ఒక్కసారి మీ పెన్ను...”

“నా పెన్ను ఎవరికీ ఇవ్వనని తెల్సు కదమ్మా!”

హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్లయినా ఆయన ఆ గెజిటెడ్ ఆకుపచ్చ సిరా వదల్లేదు. పాలవాడి కార్డు మీద కూడా దాంతోనే సంతకం. కరుణ పక్కావిడ దగ్గర నీలం పెన్ను తీసుకుని, తన కాగితం నింపి, అదే పెన్ను కొడుక్కిచ్చింది. వాడు తాతగారి వంకే చూస్తున్నాడు. భయం కాబోలు అనుకుంది.

కానుకల సంచిలో కాగితాలు పడ్డాయి. జనం వెళ్లిపోయారు. రమ్యశ్రీ బల్ల మీద కుమ్మరించి లెక్కపెడుతుంటే కరుణకి కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దాకా వెళ్లింది, మళ్లీ వచ్చింది.

“నూట పన్నెండండి. ‘అవును’ మాత్రం ఒక్కటే. నొప్పి బిళ్లలు.”

“వయసెంత?” అంది కరుణ.

“ఆ గడి ఖాళీగా వదిలేసేరండి.”

“ఇంకెవరు, కుర్రకారే! భయపడి దాచేసుంటాడు” అన్నారు మాస్టారు మోకాలు రుద్దుకుంటూ. “కాలు పట్టేస్తంది, నేను బైటుంటానమ్మా.”

ఆయన గుమ్మం దాటాక కరుణ బల్ల దగ్గరికి వచ్చింది.

“ఆ కాగితం ఒక్కసారి చూపించండమ్మా.”

“చూపించకూడదండి.”

“ఆయ్, తెల్సండి. మా వాడేమోనని... ఇవాళ తెలిస్తే రేపే ఆసుపత్రికి తీసుకెళ్తాను. తెలీకపోతే పిల్లాడు నాకు దక్కడండి.” కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

పేరెలాగూ లేదనుకుందో ఏమో, రమ్యశ్రీ ఆ కాగితం బల్ల అంచున పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఒక్క టిక్కు చూసి ఏం పోల్చుకుంటుంది? అయినా తల్లి ప్రాణం ఆగదు. కాగితం చేతిలోకి తీసుకుంది.

టిక్కు ఆకుపచ్చగా ఉంది.