సొరచేప గాటు

“చొక్కా చెయ్యి పైకి మడుచు నాన్నా,” అంది రాజ్యశ్రీ, కెమెరా సరిచేసుకుంటూ.

పాండురంగయ్య మడవలేదు. వెలుతురు చాలదన్నాడు. ఆదివారం తీరిగ్గా చూద్దామన్నాడు. ఇవాళ ఆదివారమేనని కూతురు గుర్తుచేసింది. దంతవైద్యం మూడో ఏడు చదువుతున్న పిల్ల. సొరచేప పళ్ళకీ మనిషి పళ్ళకీ ఉన్న తేడాల గురించి రేపు క్లాసులో మాట్లాడాలి. సొరచేప కరిచినా బతికి బయటపడ్డ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని మాస్టారితో చెప్పేసింది కూడా.

ఆ కథ విజయవాడ వన్‌టౌన్ బట్టల బజారులో తెలియనివాళ్ళు లేరు. డెబ్బై ఏడు ఉప్పెనలో దివిసీమలోని వాళ్ళ ఊరి మీదికి సముద్రం వచ్చింది. ఇంటి గోడ కూలినప్పుడు భార్య సుబ్బరత్నం చెయ్యి అతని చేతిలోంచి జారిపోయింది. అతను కొట్టుకుపోయి ఒక తాటిచెట్టుకి తగులుకున్నాడు. నీళ్ళతో పాటు వచ్చిన సొరచేప మోచేతి కింద పట్టుకుంటే, పిడికిలితో గుద్ది గుద్ది వదిలించుకున్నాడు. మూడోనాడు సుబ్బరత్నం నాలుగు మైళ్ళ అవతల, గడ్డివాము మీద ప్రాణాలతో దొరికింది. సహాయ శిబిరంలో అతని చేతికి కట్టు కట్టింది ఆవిడే. ఆవిడ అడక్కముందే సొరచేప అన్నాడు. ఆవిడ సరేనంది.

ఆ ఒక్క మాట అతన్ని ఇరవై నాలుగేళ్ళుగా కట్టిపడేసింది. మంగళగిరి చీరలు కొనడానికి అతని కొట్టుకి వచ్చినవాళ్ళు కూడా ముందు చెయ్యి చూపించమనేవారు. కాదనడానికి కారణం దొరికేది కాదు. చెప్పిన ప్రతిసారీ సొరచేప జానెడు పెరిగేది. ఆ పూట మాత్రం అతనికి అన్నం సయించేది కాదు. రోహిణీ కార్తె ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కాలే తొడిగేవాడు.

చివరికి రాజ్యశ్రీ తనే చొక్కా చెయ్యి మడిచింది. మచ్చ పక్కన స్కేలు పెట్టి ఒక ఫొటో తీసింది. రెండోది తీయబోయి, దగ్గరికి వంగి చూసి, కెమెరా కింద పెట్టేసింది.

“సొరచేప పన్ను త్రికోణంగా ఉంటుంది నాన్నా. అంచు రంపంలా ఉంటుంది. ఒకటి ఊడితే వెనక వరసలోది ముందుకొస్తుంది. అందుకే అది లెక్కచెయ్యదు, పట్టి విదిలిస్తుంది. కండ ఊడొచ్చేస్తుంది.”

“చిన్న చేపేమోనమ్మా.”

“చిన్నదైనా కోస్తుంది. ఇక్కడ కొయ్యలేదు, నొక్కింది. పైన ఆరు, కింద ఆరు. మొద్దు పళ్ళు.” మచ్చ మీద వేలు ఆనించి నెమ్మదిగా అంది. “ఇది కండ పీకడానికి కరిచింది కాదు. పట్టుకోవడానికి కరిచింది. ఇది మనిషి నోరు.”

పాండురంగయ్య లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. గుమ్మానికి అడ్డంగా సుబ్బరత్నం కూర్చుని గోంగూర దూస్తోంది. ఆవిడ ముందు ఈ మాట ఎప్పటికీ రాకూడదని ఇన్నేళ్ళూ మొక్కుకున్నాడు. కూతురు చెయ్యి వదల్లేదు.

ఇంక దాచలేకపోయాడు. ఆ రోజు పట్టపగలే చీకటి పడిందన్నాడు. ఎవరో నీళ్ళలోంచి వచ్చి తన చెయ్యి పట్టుకున్నారు. చెట్టు ఊగిపోతోంది. ఇద్దర్నీ మొయ్యదనిపించింది. విదిలించాడు. చేతులు జారితే ఆ మనిషి పళ్ళతో పట్టుకున్నారు. అప్పుడు తల మీద గుద్దాడు. వదిలేదాకా గుద్దాడు.

రాజ్యశ్రీ మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించింది. తర్వాత, ఆ మనిషి ఎవరని అడిగింది.

“మొహం కనపడలేదమ్మా. ఆడో మగో కూడా తెలీదు,” అన్నాడు పాండురంగయ్య తల దించుకుని. “బతికారో లేదో, అదైనా తెలిస్తే బావుణ్ణు.”

గుమ్మం దగ్గర గోంగూర దూస్తున్న చేతులు ఆగిపోయాయి. తలెత్తకుండానే సుబ్బరత్నం అంది.

“బతికానండీ.”