ఏటి అవతల ఇంటర్వ్యూ

గవర్నర్ వెండెల్ స్ట్రౌడ్ పొద్దున్నే డ్రైవర్‌ని వద్దని, తన కారు తనే నడుపుకుంటూ వంతెన దాటి పక్క రాష్ట్రంలోకి వెళ్లాడు. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. పెళ్లాంతో మాత్రం చేపల వేటకన్నాడు.

ముందురోజు ఫోన్ వచ్చింది. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సెనేటర్ గారికి జోడీగా ఉపాధ్యక్ష అభ్యర్థి కావాలట. వడపోతలో ముగ్గురి పేర్లు మిగిలాయట. అందులో తనదొకటట. విలేకర్ల కంట పడకుండా ఏటి అవతల హోటల్లో మాట్లాడుకుందామన్నారు.

స్ట్రౌడ్‌కి ఇందులో వింతేమీ కనిపించలేదు. రెండుసార్లు భారీ మెజారిటీతో గెలిచినవాడు. సంతలో మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఫొటో దిగడంలో, ఓటర్ల కుక్కల్ని పేరు పెట్టి పిలవడంలో ఆయన్ని మించినవాడు మా రాష్ట్రంలో లేడు. ఆయన మీద ఎవరికీ కోపం రాదు. కోపం వచ్చే పని ఏదీ చేయడు మరి.

ఆయన బల్ల మీద లోర్నా పికెట్ క్షమాభిక్ష అర్జీ ఏడాదిగా పడి ఉంది. చేయని హత్యకి ఆమె పందొమ్మిదేళ్లుగా జైల్లో మగ్గుతోంది. అసలు హంతకుడు చచ్చేముందు ఒప్పుకున్నాడు కూడా. కోర్టులన్నీ చేతులెత్తేశాయి. ఇక గవర్నర్ సంతకమే దిక్కు. గుండెజబ్బు మనిషి, చలికాలం దాటదని జైలు డాక్టరు రాశాడు.

సంతకం పెడితే పోలీసు సంఘాలకి కోపం. పెట్టనంటే చర్చిలకి కోపం. అందుకని స్ట్రౌడ్ గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. ఆమె తరఫు వాళ్లు వస్తే వెనక తలుపు గుండా జారుకునేవాడు. అవతలి పార్టీ నుంచి గెలిచిన ఉపగవర్నర్ కొరీన్ హాగన్ సంతకం పెట్టమని వారం వారం పోరేది. ఆవిడకి బాయిలర్ పక్క గది ఇచ్చి ఊరుకున్నాడు.

హోటల్లో ముగ్గురున్నారు. ముందుగా ఆయన ఫోన్ ఆపించి పక్కన పెట్టించారు. ప్రశ్నలన్నీ మిస్ టీగ్ అనే అమ్మాయే అడిగింది. అప్పులు, పాత ప్రేమలు, కాలేజీలో పీల్చిన గంజాయి... స్ట్రౌడ్ అడిగినవీ అడగనివీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు.

"లోర్నా పికెట్ అర్జీ ఏం చేస్తారు సార్?" అంది చివర్లో.

"నవంబరులో ఎన్నికలు కానీమ్మా, చూద్దాం."

"ఈలోగా ఆవిడ చచ్చిపోతే?"

"మంచి సంతాప సందేశం ఇస్తా. దానికి ఏ పార్టీ వాళ్లూ అడ్డు చెప్పరు."

మిస్ టీగ్ ఆ మాట కూడా పొల్లుపోకుండా రాసుకుంది. తర్వాత లేచి, సెనేటర్ గారే ఈ గది నంబరుకి ఫోన్ చేస్తారనీ, అందాకా కదలొద్దనీ చెప్పి వెళ్లిపోయింది. మిగతా ఇద్దరూ బయట కాపలా ఉంటామన్నారు.

స్ట్రౌడ్ ఆ ఫోన్ ముందు మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. బాత్రూముకి వెళ్తే మోగుతుందేమోనని అదీ ఆపుకున్నాడు. అద్దంలో చూసుకుంటూ దేశ ప్రజలకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. పనంటూ లేని ఆ కుర్చీకి తనకన్నా తగినవాడు ఎవడున్నాడు!

సాయంత్రమైనా మోగలేదు. తలుపు తీసి చూస్తే కాపలా వాళ్లు లేరు. తన ఫోన్ ఆన్ చేయగానే కార్యదర్శి దొరికాడు.

"లోర్నా పికెట్‌ని వదిలేశారు సార్."

"సంతకం ఎవడు పెట్టాడు?"

"హాగన్ మేడమ్. మీరు రాష్ట్రం దాటితే గవర్నర్ ఆవిడే కదా సార్. మన రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్నదే."

"నేను దాటానని ఆవిడకెవరు చెప్పారు?"

అది కార్యదర్శికీ తెలియదు. టీవీలో చూపిస్తున్నారు, చూడమన్నాడు.

జైలు గేటు ముందు లోర్నా పికెట్‌ని "అమ్మా" అంటూ వాటేసుకుని ఏడుస్తున్నది మిస్ టీగ్.