ఆదివారం వాదన

నవంబరు 16, ఆదివారం. పొద్దున చలి, తర్వాత ఎండ. పెరట్లో ఆకులు ఊడ్చి సంచుల్లోకి ఎత్తాను. మధ్యాహ్నం మ్యాచ్ వేళకు భానుప్రకాష్ ఇంటికి వెళ్లాను.

కీమో మొదలైనప్పటి నుంచి వాడికి అన్నం సయించడం లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మేం అభిమానించే టీమ్‌కి, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఎవరు దిగాలని నాతో పోట్లాడేటప్పుడు మాత్రం, భార్య స్రవంతి నోట్లో పెట్టింది పెట్టినట్టు మింగేస్తాడు. వాడిది పాత ఆటగాడి పక్షం. నా మనసులోనూ అతనే. అయినా ప్రతి ఆదివారం కొత్త కుర్రాడి తరఫున వాదిస్తాను.

ఆట మొదలైంది. స్రవంతి పెరుగన్నం కలుపుకొచ్చి నావైపు చూసింది.

"మీవాడు ముసలాడైపోయాడ్రా. మోకాలికి పట్టీ వేసుకుని ఏం పరిగెడతాడు? కుర్రాణ్నే ఆడించాలి," అన్నాను.

పోయిన వారం ఈ మాటకే, "బంతి కోలగా ఉంటుందని కూడా నేనే చెప్పాలి నీకు, నోర్మూయ్ బావా!" అని నా మీదికి దిండు విసిరాడు.

ఇవాళ టీవీ వంకే చూస్తూ, "నిజమే బావా, కుర్రాణ్నే ఆడించాలి," అన్నాడు.

స్రవంతి చేతిలో చెంచా ఆగిపోయింది.

"అదేంట్రా!" అన్నాను కంగారుగా. "ఇన్నేళ్లు టీమ్‌ని మోసినవాణ్ని పక్కన కూర్చోబెడతారా? నువ్వన్నదే రైటు. ఆ కుర్రాడికేం చేతనవును?"

"అదీ నిజమే," అని కళ్లు మూసుకున్నాడు.

"ఇంకేదైనా అనండి అన్నయ్యా," అంది స్రవంతి.

మ్యాచ్ మనవాళ్లే గెలిచారు. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఆకుల సంచులు ఒక్కొక్కటే మోసుకెళ్లి వీధి చివర పెట్టి వచ్చాను.