ఇంకొంచెమే ఉన్నది

మెర్సీ పోయిన రోజే ఆమె ఫోనూ పోయింది.

కట్టంగూర్ దాటాక హైవే మీద ఆమె ఎక్కిన ఆటోను లారీ గుద్దింది. అందరి సామాన్లూ దొరికాయి, ఆ ఫోను తప్ప. మెర్సీ పాడుకున్న పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో ఆమె ఫొటోలు ఉన్నాయి గాని, గొంతు లేదు.

తండ్రి యోహాను తమ ఊరి బడిలో పంతులు. అంతకు కొద్దిరోజుల ముందే మెర్సీ ఆయనను అడిగింది.

"డాడీ, ఒక పాట కట్టిన. ఇంటవా?"

పరీక్షలు కానిమ్మన్నాడు.

సమాధుల తోటకు ఊరి బ్యాండు ముందు నడిచింది. ఎవరూ పిలవని ముసలాయన ఒకడు తన బూర తెచ్చుకుని అందులో కలిశాడు. పెట్టె దించాక, అందరూ మన్ను వేస్తుండగా, ఒక్కడే ఏదో వాయించడం మొదలుపెట్టాడు. మొదట నెమ్మదిగానే సాగింది. ఉన్నట్టుండి నడక మారి హుషారెక్కింది.

"మన్నుల పెడుతుంటే గీ పెండ్లి పాటేంది?" సంఘ పెద్ద జాషువా గొణిగాడు.

యోహాను వెళ్లి బూర మీద చెయ్యి పెట్టాడు.

"ఆపు పెద్దాయనా. పోయింది నా బిడ్డ."

"ఇంకొంచెమే ఉన్నది సారూ."

"పో."

ముసలాయన పోయాడు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, చంకలో బూరతో గేటు దగ్గర నిలబడ్డాడు. యోహాను తలుపేసుకున్నాడు.

తర్వాత యోహాను బడికి పోవడం మానేశాడు. హైవే పక్క తుమ్మ పొదల్లో చేతులు చీరుకుపోయేలా ఫోను కోసం దేవులాడాడు. మెర్సీ స్నేహితులందరినీ అడిగాడు. ఆమె పాట ఎవరి దగ్గరా లేదు.

ఆమె గది గోడ నిండా అమెరికా పాతకాలపు గాయకుల బొమ్మలు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, మహేలియా జాక్సన్, ఇంకా యోహాను పేర్లు కూడా ఎరగని వాళ్లు. ఒకప్పుడు అదేం గోల అని విసుక్కున్న మనిషి, ఇప్పుడు ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కరినీ వినసాగాడు. ఎక్కడో ఒక విరుపులో బిడ్డ గొంతు తగలకపోదని ఆశ.

తగల్లేదు.

ఒకనాడు న్యూ ఆర్లీన్స్ బ్యాండు ఒకటి కనబడింది. నల్లవాళ్ల చావు ఊరేగింపు అది. సమాధికి పోయేటప్పుడు పాట నెమ్మదిగా సాగింది. మట్టి చేశాక అదే బ్యాండు హుషారెక్కింది. జనం ఏడుస్తూనే అడుగులు వేస్తున్నారు.

యోహాను లేచి నిలబడ్డాడు.

ఆ ముసలాయన పేరు గాలయ్య అనీ, నల్లగొండలో ఉంటాడనీ ఊరి బ్యాండు వాళ్లు చెప్పారు. అప్పుడే బస్సెక్కాడు.

గాలయ్య ఇంట్లో బూర గోడకు వేలాడుతోంది. దాని కింద దీపం వెలుగుతోంది.

"పోయిన వారమే పాయె సారూ. దమ్ము ఆడలే," అంది ఆయన భార్య నర్సింగమ్మ.

యోహాను దీపం ముందు కూర్చున్నాడు. తర్వాత, మెర్సీ మీకెట్లా తెలుసని అడిగాడు.

కాలేజీ విడిచాక ఇటే వచ్చేదట. అమెరికా బ్యాండ్లను ఫోనులో పెట్టి వినిపించేదట. ముసలాయన విని బూర మీద పట్టుకునేవాడట. తప్పు పోతే, "తాతా, గా ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటే బూర ఇడిసి పారిపోతడు" అని ఎక్కిరించేదట. చెబుతూ నర్సింగమ్మ కొంచెం నవ్వింది. మళ్లీ ముఖం మామూలైంది.

"నీ ఇంటికి గూడ వచ్చిండు సారూ. నువ్వు తలుపేసుకున్నవట. మల్ల పోత, మల్ల పోత అనుకుంటనే మంచాన పడ్డడు."

యోహాను తలవంచుకున్నాడు. ఆనాడు మట్టి దగ్గర వాయించిన పాట పేరన్నా తెలిస్తే, వెతుక్కుని వినవచ్చుననిపించింది.

"అమ్మా, ఆ అమెరికా పాట పేరేంది?"

నర్సింగమ్మ ఆయనను వింతగా చూసింది.

"అమెరికాది ఏంది సారూ? నీ బిడ్డ కట్టిన పాటనే గది. పరీక్షలైనంక మా డాడీకి వినిపియ్యాలె తాతా అని దగ్గర కూసొని నేర్పింది. ఆయనకు తప్ప ఇంకెవ్వలకు రాదు."

తాను ఆపేసిన ఆ మిగిలిన కొంచెం యోహాను ఇక ఎన్నటికీ వినలేడు.