పక్కగదిలో వయొలిన్

"చాలు, ఆపండి! తెగుతుంది!" అని ఆవిడ గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. ఆయన వయొలిన్ బిరడా తిప్పి తీగ బిగిస్తూనే ఉన్నాడు.

టప్‌మని తీగ తెగి ఆయన చెంప మీద కొట్టింది. ఎర్రటి గీత తేలింది. వయొలిన్లు బాగుచేయడమే ఆయన బతుకు. కళ్ళు మూసుకుని తీగలు బిగించే మనిషి. అలాంటివాడు తీగ తెంపుకోవడం ఎన్నడూ ఎవరూ ఎరగరు.

"ఎంత బిగించినా దిగే ఉంటోందే ఈ తీగ!" అన్నాడు, తప్పంతా తీగదే అన్నట్టు. "పొద్దుటినుంచి అమ్మడు పక్కగదిలో వాయిస్తోంది. మూడో తీగ శ్రుతి దిగిపోయింది. పిచ్చిపిల్ల, అలాగే లాగించేస్తోంది. పోనీ నేను సరిచేద్దామని..."

ఆవిడ ఆయన చెవిలో నోరు పెట్టి అరిచింది. "వయొలిన్ మీ ఒళ్ళో ఉంటే, అది దేంతో వాయిస్తోందండీ?"

ఆయన ఒళ్ళోకి చూసుకున్నాడు.

అమ్మడు లేక లేక కలిగిన ఒక్కగానొక్క కూతురు. పోయిన చలికాలంలో జ్వరమొచ్చి చనిపోయింది. ఆయన చెవులు అంతకుముందే మొరాయించాయి. ఇప్పుడు పక్కన మిక్సీ తిరిగినా వినపడదు, తలుపులు బాదినా వినపడదు. పక్కగదిలో వయొలిన్ మాత్రం శుభ్రంగా వినపడుతుంది!

"పదండి, చెవుల డాక్టరు దగ్గరికి పోదాం."

"నాకేం పిచ్చా?"

"పిచ్చి డాక్టరనలేదు. చెవుల డాక్టరన్నాను."

"నేను రాను. ఎదురుకొట్టు టైలరు వాళ్ళ అత్తకి ఇలాగే పాటలు వినపడేవట. చెవికి మిషన్ పెట్టగానే పోయాయట. నాకు మిగిలింది ఆ ఒక్కటే కదే! అదీ పోగొట్టుకోమంటావా?"

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. కానీ ఆవిడ ఈసారి వదల్లేదు. మళ్ళీ ఆయన చెవి దగ్గర వంగింది.

"చెవులు బాగుపడ్డాక కూడా వినపడిందనుకోండి, ఇక కాదనేదెవరు? నేనే నలుగురికీ చెప్తాను. ఒక్కరోజు పెట్టుకోండి. నా కోసం."

ఆవిడ గొంతు ఎలా ఉందో ఆయనకి తెలియలేదు. గడ్డం వణకడం మాత్రం కనిపించింది. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుదే అయినా ఓపిక గలది. ఆయన చెవులు పరీక్ష చేసి ఆవిడవైపు తిరిగింది.

"లేని పాట వినపడటం పిచ్చి కాదండీ. చెవిలోకి చప్పుళ్ళు రాకపోతే మెదడు ఊరికే కూర్చోదు. తన దగ్గరున్న పాటలు తీసి తనే వాయించుకుంటుంది. ఎక్కువమందికి చెవుడు వల్లే వస్తుంది. కొందరికి జ్వరం వల్ల, వాడే మందుల వల్ల. మెదడులో ఏదైనా తేడా ఉన్నా రావచ్చు. ఒక్కోసారి బెంగతో కూడా."

"మిషన్ పెడితే పోతుందా?"

"చాలామందికి తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని చెప్పలేను."

"అందరికీ తగ్గదట!" అని ఆవిడ ఆయన చెవిలో అరిచి చెప్పింది. ఆయన బుద్ధిగా మిషన్‌కి చెవి అప్పగించాడు.

ఇంటికి నడిచొస్తుంటే రోడ్డంతా ఆయన మీద విరుచుకుపడింది. బస్సు హారన్‌కి అదిరిపడి పక్కకి గెంతాడు. రెండడుగులు వేసి కిందికి చూసుకున్నాడు.

"నా చెప్పులు ఇంత గోల చేస్తాయేంటే?"

"ఎప్పటినుంచో చేస్తున్నాయి" అంది ఆవిడ.

ఆయన ఆగిపోయాడు. "నువ్విప్పుడు అరవలేదు కదూ?"

"అరవలేదండీ."

ఆవిడ నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, పదండి పదండి అని తొందరపెట్టింది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ ఫ్యాను ఆపింది. కారే కుళాయి కింద గుడ్డ పెట్టింది. ఫ్రిజ్ స్విచ్ తీసేసింది. పక్కగది తలుపు తెరిచి, కిటికీలు మూసి, ఆయన్ని అమ్మడి మంచం మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. గడియారం నడుస్తోంది. కిటికీ అవతల పావురం కువకువలాడుతోంది. ఎవరో మెట్లు దిగుతున్నారు. ఇంకేమైనా వినపడుతుందేమోనని చాలాసేపు చూశాడు.

"ఏమండీ?"

"లేదే" అన్నాడు. "గడియారం వినపడుతోంది. నీ ఊపిరి కూడా వినపడుతోంది. అమ్మడే వాయించడం లేదు."

"మిషన్ సౌండు పెంచి చూడండి."

ఆయన పెంచాడు. అడ్డంగా తల ఊపాడు.

"ఇంకొక్కసారి వినండి. సరిగ్గా వినండి."

"ఎందుకే ఇంకా చంపుతావు! నువ్వే గెలిచావు. లేదు. ఏ పాటా లేదు. అంతా నా భ్రమ, సరేనా?" అని ఆయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఓదారుస్తుందనుకున్నాడు. ఆవిడ కదల్లేదు. మొహం పాలిపోయింది.

"నాకు మొదటినుంచీ వినపడుతోందండీ, ఇప్పుడు కూడా... మీకు చెవులొస్తే ఇద్దరం కలిసి విందామనుకున్నాను."