లీకు ఎక్కడ

ఇంట్లో ఎక్కడో గ్యాస్ లీకవుతోందని నిస్సీకి నమ్మకం కుదిరిపోయింది. బడిలో పిల్లలకు చూపించడానికని ఆమె ఒక గ్యాస్ సెన్సారును కంప్యూటరుకు తగిలించి, చిట్కుల్‌లోని తమ కిరాయి గదిలోనే పెట్టి చూస్తోంది. గాలిలో గ్యాస్ ఎంతుందో చూపే గీత పగలంతా తెర అడుగునే ఉంటుంది. సాయంత్రం పైకి లేస్తుంది.

భర్త కెల్విన్ పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీ నుంచి రాగానే సిలిండర్ బయట పెట్టాడు. కిటికీలు తెరిచాడు. గీత దిగలేదు.

"నువ్ జెర బయటికి పో," అంది నిస్సీ.

అతను వెళ్లాడు. గీత దిగింది.

"దొరికిందా?" బయటి నుంచి అరిచాడు.

"నీ బట్టలకే ఉంది. తానం చేసి రా."

అతను స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకొచ్చి, సెన్సారు ముందు వంగాడు. గీత మళ్లీ లేచింది.

"తాగినవా?"

"ప్రభువు సాక్షి, ముట్టలే."

"ఊపిరి బిగబట్టు." గీత ఆగింది. "ఇగ విడువు."

గీత తెర పైఅంచు దాకా పోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"పొద్దంతా మందులు కరిగించే సాల్వెంట్ డ్రమ్ముల కాడనే ఉంట," అన్నాడు కెల్విన్. "నాకైతే వాసనే వస్తలేదు."

"రేపు డ్యూటీ బంద్. దవాఖానకు పోదాం."

"మరి నా షిఫ్టోళ్లు?"

నిస్సీ ఒక కుర్చీని సెన్సారు ముందుకు జరిపింది.

"ఫోన్ చేసి అందర్నీ రమ్మను. ఒక్కొక్కల్ని కూసోబెట్టి ఊదిపిస్త."